విప్పి చూడని పెట్టె

గడియారాల తాతాజీ అంటే ఆ రోజుల్లో రాజమండ్రిలో తెలియనివాళ్లు తక్కువ. పుట్టింది కంసాలి ఇంట్లో. తండ్రి చేసిన కాసులపేరు గురించి చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి. కొడుక్కి ఆ పని అబ్బలేదు. కుంపటి ముందు కూర్చోమంటే కునికిపాట్లు పడేవాడు గానీ, ఆగిపోయిన గోడగడియారం చేతికిస్తే తిండి మాటే మరిచిపోయేవాడు. పాతికేళ్లు నిండేసరికి కోటగుమ్మం దగ్గర సొంత కొట్టు పెట్టాడు. ఇంజనీరు దొరల జేబు గడియారాలు, వకీళ్ల ఇళ్లలో గోడగడియారాలు అతని చేతి చలవతోనే నడిచేవి.

1903లో మద్రాసు నుంచి ఒకాయన వచ్చి గోదావరి రేవు దగ్గర పందిరి వేసి, బాకా పెట్టెలో పాటలు వినిపించాడు. జనం విరగబడ్డారు. మూడో రోజు లోపల ఏదో టప్పుమంది, పాట ఆగిపోయింది. పెట్టెలో దయ్యం చచ్చిపోయిందన్నారు. తాతాజీని పిలిపించారు. అతను నాలుగు మరలూ విప్పి, లోపలికి తొంగిచూసి నవ్వాడు.

"దయ్యమూ లేదు, దేవుడూ లేడండి. గడియారంలో ఉండే చుట్టుతీగే ఇందులోనూ ఉంది. అది తెగింది."

అలా మొదలైంది. అప్పటికి అతనికి నలభై దాటాయి. ఆ తరువాత జిల్లాలో ఏ జమీందారు కొన్నా, ఏ వకీలు కొన్నా గ్రామఫోను పాడైతే తాతాజీ దగ్గరికే వచ్చేది. వచ్చిన ప్రతి పెట్టెనూ అతను ఎముకలతో సహా విప్పి చూసేవాడు. ఏ ఏడు తయారైన పెట్టెకి ఏ లక్షణం ఉంటుందో అతని బుర్రలో అచ్చయిపోయింది. మొదట్లో వచ్చినవాటికి బాకా ముందువైపు కొయ్యచేయి మీద ఆనుకుని ఉంటుంది, ముల్లు పెట్టే అభ్రకపు డబ్బా నేరుగా బాకా మొననే పట్టుకుని వేలాడుతుంది. 1903 తరువాతవాటికి బాకా పెట్టె వెనక్కి పోయింది, మధ్యలో ఇత్తడి గొట్టం వచ్చింది. ఇంకో రెండేళ్లకి నల్లటి నున్నని బాకా పోయి, ఉమ్మెత్తపువ్వులా రేకులు విచ్చుకున్న రంగుల బాకా వచ్చింది. 1907లో గొట్టం చివర మెడ వంగే కీలు వచ్చింది. అంతకుముందు ముల్లు మార్చాలంటే మనిషే తల వంచి కిందినుంచి చూసుకోవాలి. కీలు వచ్చాక అభ్రకపు డబ్బాను వెనక్కి తిరగేస్తే చాలు.

పాత పెట్టెకి కొత్త రేకుల బాకా తగిలించి, వార్నీషు పూసి, ఈ ఏడాది సరుకని అంటగట్టేవాళ్లు అప్పట్లో చాలామంది తిరిగేవారు. అందుకని డబ్బున్నవాళ్లు పెట్టె కొనేముందు తాతాజీకి కబురు పెట్టేవారు. అతను వచ్చి ఓసారి చుట్టూ తిరిగి, "దీనికి అయిదేళ్లండి. బాకా ఒక్కటే కొత్తది" అనేవాడు. అమ్మేవాడి మొహం మాడిపోయేది.

"పెట్టె మొహం చూసి పుట్టిన ఏడు చెబుతాడండీ మా తాతాజీ" అని పెద్దలు పదిమందిలో మెచ్చుకుంటే అతనికి ఒళ్లు పులకరించేది. రానురాను విప్పి చూడటం మానేశాడు. చూడగానే చెప్పడంలోనే గొప్ప ఉందనిపించింది.

పెనుగొండకి దగ్గర్లో వల్లూరిపాడు అనే ఊళ్లో అమ్మిరాజుగారని పెద్ద రైతు ఉండేవారు. 1905లో ఆయన ఆకుపచ్చ రేకుల బాకా ఉన్న పెట్టె కొన్నారు. మరుసటి ఏడు చుట్టుతీగ తెగితే తాతాజీయే కొత్తది వేసి, తీగ ఉండే ఇత్తడి డబ్బా లోపలివైపు సూదిమొనతో తన పేరులోని 'తా' అనే అక్షరం, పక్కన 1906 అని గీశాడు. బాగుచేసిన ప్రతి యంత్రంలోనూ అలా గీయడం అతని అలవాటు.

1908లో మాఘమాసంలో అమ్మిరాజుగారి ఇంటిల్లిపాదీ వ్రతానికి అన్నవరం వెళ్లారు. తిరిగొచ్చేసరికి సావిట్లో బాకా పెట్టె లేదు. రెండు వారాల తరువాత ఆ ఊరి క్రైస్తవుల మాలపేటలో, లూథరన్ బడి పంతులు ముసలయ్య ఇంట్లోంచి బాకా పాట వినిపించింది. పోలీసులు వెళ్లి చూస్తే ఆకుపచ్చ రేకుల బాకా పెట్టె! ముసలయ్యను పట్టుకుపోయారు.

ముసలయ్య చెప్పింది ఒక్కటే మాట. బడులు చూడ్డానికి వచ్చే మిషను దొరసాని జబ్బుచేసి డిసెంబరులో స్వదేశానికి వెళుతూ, పిల్లలకి కీర్తనలు నేర్పడానికి పనికొస్తుందని ఆ పెట్టె తనకి ఇచ్చిందన్నాడు. ఊళ్లో వాళ్ల కళ్లు పడతాయని భయపడి ఇన్నాళ్లూ మూల పెట్టి చాప కప్పి దాచానన్నాడు. ఆ దాచడమే అతని మెడకు చుట్టుకుంది. దొరసానికి తంతి కొడితే, ఓడలోనే ఆమె చనిపోయిందని తెలిసింది. ఆమె ఎవరికీ చెప్పి ఇవ్వలేదు. ఇక మిగిలింది పెట్టె ఒక్కటే. అది ఎవరి పెట్టో చెప్పగలిగినవాడు డెల్టాలో ఒక్కడే.

కోర్టు హాల్లో పెట్టెను బల్లమీద పెట్టి తాతాజీని పిలిచారు. అమ్మిరాజుగారు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ముసలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, సన్నగా, తెల్లటి పంచె, మోచేతి దగ్గర మాసిక వేసిన కోటు. తలుపు దగ్గర అతని భార్య సువార్తమ్మ, ఆమెను పట్టుకుని ముసలితల్లి పాపాయమ్మ.

తాతాజీ అలవాటు ప్రకారం పెట్టె చుట్టూ ఓసారి తిరిగాడు. అదే ఆకుపచ్చ. అదే ఓకు చెక్క. అవే రేకులు. చెయ్యి గొట్టం మీదికి పోయింది. వేలికి కీలు తగిలింది.

అభ్రకపు డబ్బా వెనక్కి తిరిగింది.

ఒక్క క్షణం అతని వేలు అక్కడే ఆగిపోయింది. అమ్మిరాజుగారి పెట్టెకి కీలు లేదు. 1905లో ఏ పెట్టెకీ లేదు.

"ఏంటయ్యా తాతాజీ, ఇంతసేపా?" అన్నారు అమ్మిరాజుగారు బెంచీ మీంచే. "నీ చేతిమీదుగా పోయిన పెట్టేగా!"

హాల్లో కొందరు నవ్వారు. ముసలయ్య అప్పుడు నోరు విప్పాడు.

"ఆచారిగారండీ, ఓసారి మరలు విప్పి లోపల చూడండి బాబూ. మీకు తెలుస్తుంది."

ఆ మాట ఎవరో చదువుకున్న వకీలు అని ఉంటే తాతాజీ విప్పేవాడేమో. మాలపేట పంతులు, అందరి ముందు, నీ పని ఇలా చెయ్యి అని తనకి చెప్పడం అతనికి చురుక్కుమంది. విప్పితే, చూడగానే చెప్పలేకపోయాడన్న మాట కూడా వస్తుంది. ఎవరో గొట్టం మార్చి ఉంటారులే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

"విప్పక్కర్లేదండి" అన్నాడు మేజిస్ట్రేటుతో. "అమ్మిరాజుగారి పెట్టే ఇది."

"ప్రమాణపూర్తిగా?"

"ప్రమాణపూర్తిగానండి."

ముసలయ్యకి ఆరు నెలల కఠినశిక్ష పడింది. పెట్టె అమ్మిరాజుగారి ఇంటికి వెళ్లింది. పాపాయమ్మ ఏడవలేదు. తాతాజీ గుమ్మం దాటుతుంటే పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఆ తప్పుకోవడం అతనికి చాలాకాలం కళ్లముందు ఆడింది.

కోర్టునుంచి తిరిగొస్తూ నిడదవోలులో రైలెక్కి గోదావరి దాటుతుంటే అతనికి ఇంకో సంగతి తట్టింది. గొట్టం ఎవరో మార్చి ఉంటారనుకున్నాడే, ఎవరు మారుస్తారు? మద్రాసుకి ఇవతల అలాంటి పని చెయ్యగలిగినవాడు తను తప్ప ఎవరున్నారు? కిటికీలోంచి నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు. వెనక్కి వెళ్లి చెప్పొచ్చు. రైలు స్టేషన్లో ఆగింది. దిగాడు. ఇంటికే వెళ్లాడు.

ముసలయ్యను తెచ్చి పెట్టింది రాజమండ్రి జైల్లోనే. తాతాజీ ఆ దారిన వెళ్లడం మానేశాడు. అటువైపు పనిపడితే చుట్టుతిరిగి వెళ్లేవాడు. భార్య మాణిక్యాంబ రెండు మూడుసార్లు అడిగింది.

"అన్నం కెలుకుతున్నారు గానీ తినట్లేదు. ఒంట్లో బాగాలేదా?"

"ఎండలు" అన్నాడు.

జూన్లో వల్లూరిపాడు నుంచి వచ్చిన ధాన్యం వ్యాపారి ఒకాయన గడియారం బాగుచేయించుకుంటూ ఊరి కబుర్లు చెప్పాడు. బడికి వేరే పంతుల్ని వేశారట. సువార్తమ్మ ఊడ్పులకి వెళుతోందట. ముసలిది పాపాయమ్మ పోయిందట. "దొంగ తల్లి అని పిల్లలు కూడా అనేవారండీ. ఆఖర్న మంచినీళ్ల నూతి దగ్గరికి కూడా రావడం మానేసింది" అని చెప్పి, "ఎంతసేపు పడుతుందండీ?" అన్నాడు. తాతాజీ చేతిలో ఉన్న సన్న చక్రం కిందపడి దొర్లిపోయింది. ఎంత వెతికినా ఆ పూట దొరకలేదు.

జూలై నెలాఖరున ఒక నాటకాల కంపెనీ రాజమండ్రిలో దిగింది. వాళ్ల హార్మోనీ వాయించే సత్తిరాజు ఓ పొద్దున గోనెసంచిలో చుట్టిన పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు.

"చుట్టుతీగ జారిపోతోందండి. కీ ఇచ్చినా తిరగదు."

సంచి తీశాడు. ఆకుపచ్చ రేకుల బాకా. తాతాజీ గొట్టం పట్టుకున్నాడు. కీలు లేదు.

"ఇది ఎక్కడిదండి?"

"వల్లూరిపాడు దొరబాబుగారు ఇచ్చారండి. మా కంపెనీ అంటే ఆయనకి ప్రాణం. అన్నగారికి మాత్రం చెప్పొద్దన్నారు" అని నవ్వాడు సత్తిరాజు. దొరబాబు అమ్మిరాజుగారి తమ్ముడు, ఆ ఊళ్లోనే వేరే కాపురం.

తాతాజీ సాయంత్రం రమ్మని అతన్ని పంపేసి, మరలు విప్పాడు. అవసరం లేదు, అప్పటికే తెలుసు. అయినా విప్పాడు. ఇత్తడి డబ్బా మూత తీసి వెలుగుకి పట్టుకున్నాడు. 'తా'. 1906. తన చేతిగీతే.

మధ్యాహ్నం మాణిక్యాంబ కేరేజీ తెచ్చేసరికి విప్పిన పెట్టె ముందు అలాగే కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఆమెకి అంతా చెప్పాడు. కీలు సంగతి కూడా.

ఆమె కేరేజీ కింద పెట్టింది. "ఆ మనిషి ఎక్కడున్నాడు?"

"ఇక్కడే. జైల్లో."

"మరి మీరు ఇక్కడెందుకు కూర్చున్నారు?"

అతను లేచి చొక్కా తొడుక్కున్నాడు.

సత్తిరాజుకి పని తేలడానికి రోజులు పడుతుందని చెప్పి పెట్టె తన దగ్గరే ఉంచుకుని, మొదట వల్లూరిపాడు వెళ్లాడు. అమ్మిరాజుగారికి సంగతంతా చెప్పాడు. తమ్ముడి పేరు వినగానే ఆయన మొహం వాడిపోయింది.

"ఆ పంతులు ఎలాగూ నెల తిరిగేసరికి బయటికొస్తాడు. ఈ నెల ఊరుకో తాతాజీ. మా ఇంటి పరువు వీధిన పెట్టకు."

"దొరబాబుగారి పేరు నా నోట రాదండి. పెట్టె ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పను. ఆ రోజు కోర్టులో పెట్టింది మీ పెట్టె కాదని మాత్రం చెబుతాను."

రాజమండ్రిలో రాజరత్నంగారనే ప్లీడరు అర్జీ రాయడానికి కూర్చున్నారు. కలం సిరాలో ముంచి, రాయబోయి ఆగారు.

"చూడు తాతాజీ. పొరపాటు పడ్డానంటే ఒక దారి. తెలిసి చెప్పానంటే అబద్ధపు సాక్ష్యం అవుతుంది, నువ్వే లోపలికి వెళ్తావు. అందుకని అడుగుతున్నా. ఆ రోజు నీకు అనుమానం ఏమన్నా వచ్చిందా?"

కలం కాగితం మీద నిలబడి ఉంది. తాతాజీ దానివైపే చూశాడు. చెప్పడానికే వచ్చాడు.

"పొరపాటేనండి" అన్నాడు.

అమ్మిరాజుగారి ఇంట్లో ఉన్నది కూడా తెప్పించి, అర్జీతోపాటు రెండు పెట్టెల లోపలి యంత్రాలూ విప్పి అధికారుల ముందు పెట్టాడు. గీత చూపించాడు, కీలు చూపించాడు, ఏ ఏడు ఏ మార్పు వచ్చిందో వివరంగా చెప్పాడు. కాగితాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిరిగాయి. ముసలయ్యను వదిలేసరికి శిక్షలో ఇరవై రెండు రోజులే మిగిలి ఉన్నాయి.

ఇక ఊళ్లో పొగడ్తలు మొదలయ్యాయి. "తన తప్పు తనే ఒప్పుకున్నాడండీ, ఎంతమందికుంటుంది ఆ ధైర్యం!" అని కొట్టుకి వచ్చి మరీ చెప్పేవారు. ఒక వకీలుగారు భుజం తట్టారు. పొగిడే ప్రతి మాటకీ తాతాజీ తల కిందికి దిగేది. అది వినయం అనుకున్నారు వాళ్లు. అతనికి మాత్రం నలుగురిలో తిరగడమే కష్టమైపోయింది. జైల్లో ఉన్న మనిషికి చేసింది ఒక తప్పు, బయటికి తెస్తూ చేసింది ఇంకొకటి. మొదటిది లోకానికి తెలిసింది. రెండోది మాణిక్యాంబకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ అన్నం వడ్డిస్తూ అతని మొహంలోకి చూసేది కాదు, అంతే.

కోర్టు వాళ్లు ముసలయ్య పెట్టె తిరిగి ఇచ్చేయమన్నారు. తాతాజీ తనే తీసుకెళతానన్నాడు. రైలు దిగి, నరసాపురం కాలువలో పడవెక్కి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వల్లూరిపాడు రేవులో దిగి, మాలపేట దారి అడిగి మరీ వెళ్లాడు. అంతకుముందు ఆ పేటలో ఎప్పుడూ కాలు పెట్టలేదు.

సువార్తమ్మ వాకిట్లో వరిగడ్డి ఆరబోస్తోంది. మనిషిని గుర్తుపట్టింది. పెట్టెనూ గుర్తుపట్టింది.

"లోపలికి వద్దండి" అంది. "ఆ అరుగుమీద పెట్టండి."

పెట్టాడు. ముసలయ్య బయటికొచ్చాడు. జుట్టు సగం నెరిసింది. జైల్లో గానుగ తిప్పిన చేతులు కాయలు కట్టి ఉన్నాయి. చూపు తాతాజీ మీద ఆగింది గానీ కూర్చోమనలేదు.

"మేష్టారూ..." అన్నాడు తాతాజీ. ఆ పిలుపు అతని నోట మొదటిసారి. "మీకు జరిగిన అన్యాయానికి..."

ముసలయ్య చేత్తో ఆపాడు. "ఒక్కటి అడుగుతానండి. జైల్లో ఉన్నన్నాళ్లూ అదే అనుకున్నాను. ఆ రోజు మీరు డబ్బా వెనక్కి తిప్పారు. మీ వేలు అక్కడ ఆగింది. నేను చూశాను. మీకు అప్పుడే తెలుసాండీ?"

సువార్తమ్మ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.

"తెలుసండి" అన్నాడు తాతాజీ.

"అర్జీలో పొరపాటని రాశారటగా."

"రాయించాను. అది కూడా అబద్ధమే."

కాలువ గట్టుమీద ఎవరో దూడను అదిలిస్తున్నారు. ముసలయ్య అరుగు అంచున కూర్చున్నాడు.

"మా అమ్మ అడిగింది ఒక్కటేనంట. నా కొడుకు దొంగతనం చెయ్యలేదని ఆ పెట్టె చూసినాయన చెప్పాడా అని. రోజూ అడిగేదంట. ఇదిగో, ఈవిడ చెప్పింది. ఏం చెప్పమంటారు నన్ను? సరేలెండి అనమంటారా? నా నోటికి రావట్లేదు."

"అనొద్దండి. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"నాకు చెప్పిన మాట ఊరికి చెప్పండి. రేపు ఆదివారం. ప్రార్థన అయ్యాక మా వాళ్ల ముందు ఓసారి, రాజుల వీధిలో ఓసారి."

తాతాజీ ఆ రాత్రి పెనుగొండ సత్రంలో పడుకుని, తెల్లారి మళ్లీ వచ్చాడు. ప్రార్థన అయ్యాక గుడి మెట్లమీద నిలబడి చెప్పాడు. "నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ముసలయ్యగారు పెట్టె విప్పమన్నారు, నా గొప్ప పోతుందని విప్పలేదు." ముందు వరసలో ఒక ముసలాయన చీ అన్నాడు. ఎవరూ ఆయన్ని ఆపలేదు. తరువాత రాజుల వీధిలో, అమ్మిరాజుగారి అరుగు ఎదురుగా, అదే చెప్పాడు. అమ్మిరాజుగారు గుమ్మంలో నిలబడి విని, లోపలికెళ్లి తలుపు వేసుకున్నారు.

అరెస్టు చేస్తారని తాతాజీ చాలా రోజులు ఎదురుచూశాడు. మాణిక్యాంబకి కొట్టు తాళాలు అప్పగించాడు కూడా. సమను రాలేదు. మళ్లీ కేసు తెరిస్తే దొరబాబు పేరు బయటికొస్తుంది కాబట్టి అమ్మిరాజుగారు ఊరుకున్నారు. ఫిర్యాదు చేసేవాడు లేకపోతే కదిలించేవాడూ లేడు. ఆ శిక్ష పడి ఉంటే బాగుండేదని అతను భార్యతో ఒకసారి అన్నాడు. ఆవిడ "దాంతో తీరుతుందా?" అంది.

పెట్టెలు చూపించుకునే పెద్దలు కొందరు రావడం మానేశారు. వచ్చినవాళ్లకి అతను విప్పకుండా ఏ మాటా చెప్పేవాడు కాదు. ఒక్కోసారి విప్పాక కూడా "నాకు తెలియదండి" అనేవాడు.

మిషను వాళ్లు ముసలయ్యకి తణుకు పక్కన ఇంకో బడి ఇచ్చారు. 1909 వానాకాలంలో అతను బడి గోడగడియారం పట్టుకుని రాజమండ్రి వచ్చాడు. ఊళ్లో వేరే గడియారాల కొట్లు లేక కాదు. కొట్టు ముందు నిలబడి, "గంట కొట్టట్లేదండి. చూస్తారా?" అన్నాడు.

తాతాజీ బల్ల ఖాళీ చేసి, వెనక మూత తీసి, ఒక్కో చక్రమూ తుడిచి పెట్టాడు. రెండు గంటలు పట్టింది. ముసలయ్య అంతసేపూ నిలబడే ఉన్నాడు. స్టూలు జరిపి, "కూర్చోండి మేష్టారూ" అంటే, "పరవాలేదండి" అన్నాడు. పని అయ్యాక గడియారం మూడు గంటలు కొట్టింది. ముసలయ్య చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపి, గోనెలో చుట్టుకున్నాడు.

"పిల్లలకి కీర్తనలు నేర్పుతున్నారా?" అన్నాడు తాతాజీ.

"నేర్పుతున్నానండి. నోటితోనే" అని, ముసలయ్య గొడుగు విప్పుకుని స్టేషను వైపు నడిచాడు.